భోజనాల బల్ల మీద అలెగ్జాండ్రియా

పద్దెనిమిది వందల ఎనభై రెండులో, జూలై నెలలో, ఇంగ్లీషువాళ్ళ యుద్ధనౌకలు ఈజిప్టులోని అలెగ్జాండ్రియా రేవు మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గుళ్ళు కురిపించాయి. ఈ సంగతి తెలియకపోయినా నా బతుకు చక్కగా గడిచిపోయేది. కానీ కరోనా మొదటి ఏడాది చివర, జర్మనీలోని వాల్డార్ఫ్‌లో మూడు గదుల అద్దె ఫ్లాట్లో, ఆ రేవు నా భోజనాల బల్ల మీదికి వచ్చి కూర్చుంది. మూడు వారాల పాటు మేము పళ్ళాలు ఒళ్ళో పెట్టుకుని తిన్నాం.

ఎవరెక్కడ ఉండేవాళ్ళో చెప్పకపోతే ఈ గొడవ అర్థం కాదు. మా ఆయన ఆ ఊళ్ళోనే పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని. బళ్ళూ ఆఫీసులూ మూసేశాక పడగ్గది ఆయన ఆఫీసయింది. ఫోన్లో అవతలివాళ్ళకి వినబడదేమోనని ఆయనకి ఎప్పుడూ అనుమానం, అందుకని పొలం గట్టు మీద నిలబడి పిలిచినట్టు మాట్లాడతారు. నేనొక చిన్న కంపెనీకి టెస్టింగ్ చేసేదాన్ని. నా ఆఫీసు వంటింటి గట్టు. ఒక పక్క లాప్‌టాప్, ఒక పక్క కుక్కరు. నాలుగో క్లాసు చదివే మా అమ్మాయి బడి హాల్లో, భోజనాల బల్ల మీద. పాపకి సొంత గది ఉండేది. అది మామయ్యగారికి ఇచ్చేశాం.

మామయ్యగారు కాకినాడలో కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. అత్తయ్యగారు పోయాక ఒంటరిగా ఉంటున్నారని మా ఆయన పట్టుబట్టి, మూడు నెలలు ఉండి వెళ్దురుగానని ఫిబ్రవరిలో రప్పించారు. మార్చిలో విమానాలు ఆగిపోయాయి. తర్వాత కొన్ని మొదలైనా, షుగరూ బీపీ ఉన్న పెద్దాయన్ని అంతసేపు మూసేసిన గాలిలో కూర్చోబెట్టొద్దని డాక్టరు అన్నాడు. వీసా పొడిగించమని వీసా ఆఫీసుకి ఈమెయిల్ పెడితే పొడిగించారు. అలా ఆయన తెచ్చిన ఆవకాయ అయిపోయింది, మామయ్యగారు మిగిలారు.

మంచివారే. కాఫీ బాగాలేదని ఏనాడూ అనలేదు. కానీ జీవితమంతా పాఠం చెప్పిన నోరు, ఎదురుగా క్లాసు లేకపోతే ఊరుకోదు. పొద్దున్నే ఫోన్లో తెలుగు వార్తలు పెద్ద గొంతుతో పెట్టుకుంటారు. ఆ వార్తల్లో వాళ్ళు చెప్పిన ప్రతి తప్పునీ పైకి దిద్దుతారు. యాంకరమ్మకి వినబడదు కదా, వినేది మేమే. పప్పు పోపు పెడుతుంటే వంటింటి గుమ్మంలో నిలబడి, మిరియాలు ఎవరు ఎక్కడికి ఏ ఓడల్లో తీసుకెళ్ళారో చెబుతారు. నేను చెవిలో ఇయర్‌ఫోన్ తీసి, "మామయ్యగారూ, మీటింగులో ఉన్నానండీ" అంటే, "నువ్వు కానీ అమ్మా, నీకు కాదు, ఊరికే అనుకుంటున్నా" అనేవారు. అనుకోవడం మాత్రం ఆగేది కాదు.

ఇలా ఉండగా డిసెంబరులో, బళ్ళు రెండోసారి మూసేసే ముందు, పాప టీచరమ్మ ఫోన్ చేసింది.

"మీ అమ్మాయి రాస్తే చాలా బాగా రాస్తుంది. మాట్లాడదు," అంది. "వసంతంలో ఆన్‌లైన్ క్లాసులప్పుడు కెమెరా పెట్టేది, మైకు మాత్రం ఆన్ చేసేది కాదు. పిలిస్తే చాట్‌లో రాసేది. బడి తెరిచాక కూడా చెయ్యి ఎత్తడం లేదు. నాకు వినపడనిదానికి నేను మార్కు ఎలా వెయ్యను?"

ఇక్కడ పదేళ్ళ పిల్లల తలరాత నాలుగో క్లాసులో ఒక కాగితం మీద రాస్తారు. తిన్నగా యూనివర్సిటీకి పోయే గిమ్నాసియుం బడికి పంపాలా, ఇంకో దారి పట్టే రెయాల్‌షూలేకి పంపాలా అని టీచరు సిఫారసు చేస్తుంది. మా రాష్ట్రంలో అది సలహా మాత్రమే, కాదని తల్లిదండ్రులు తమకి నచ్చిన చోట చేర్చుకోవచ్చు. ఈ ముక్క మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో చెప్పి చూడండి. రెయాల్‌షూలే అని కాగితం వచ్చిన పిల్లవాడి తల్లి ఆ ఏడాది వినాయకచవితికి ఎవరింటికీ రాలేదు. నాకు ఆ కాగితం పిచ్చి లేదని చెప్పను. ఉంది. కానీ అంతకంటే ఎక్కువగా, వాగుడుకాయలా ఉండే పిల్ల ఎందుకు మూగబోయిందో తెలుసుకోవాలని ఉండేది. అడిగితే "వైస్ నిష్ట్" అనేది. తెలీదు అని. ఆ రెండు ముక్కలతో అన్నిటికీ జవాబు అయిపోయేది.

టీచరమ్మ ఒక దారి చూపించింది. జనవరిలో ప్రతి పిల్లా ఒక రెఫరాట్ ఇవ్వాలి. అంటే తనకి ఇష్టమైన విషయం మీద క్లాసు ముందు కాసేపు మాట్లాడాలి. బళ్ళు మూసే ఉంటాయి కాబట్టి ఆన్‌లైన్లోనే. "అప్పుడు దాని గొంతు వినాలి నేను. ఆ తర్వాత కాగితాలు రాసేస్తాం," అంది.

ఆ సాయంత్రం పాపని కూర్చోబెట్టి దేని గురించి మాట్లాడతావే అని అడిగాను. వైస్ నిష్ట్. మీ ఫ్రెండ్స్ ఏం తీసుకున్నారంటే, ఒకళ్ళు గినీ పందులట, ఒకళ్ళు అగ్నిపర్వతాలట, ఇద్దరు గుర్రాలట. నీకేం ఇష్టం? భుజాలు ఎగరేసింది. అప్పటికి అరగంట నుంచి సోఫాలో కుదురుగా కూర్చున్న మామయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అలా తుడుచుకున్నారంటే పాఠం మొదలవుతోందని అర్థం.

"దానికి సబ్జెక్టు నేనిస్తాను," అన్నారు. "అలెగ్జాండ్రియా."

"మామయ్యగారూ, అది నాలుగో క్లాసండీ."

"అయితే ఏవిటి? నాలుగో క్లాసు పిల్లలకి అన్యాయం అర్థం కాదా?"

మా ఆయన వైపు చూశాను. తండ్రికి ఎదురు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఆయనకి ఎక్కడ్నించో మీటింగు వచ్చి పడుతుంది. "నాన్నకీ కాలక్షేపం, పాపకీ కొత్తగా ఉంటుంది. అందరూ గుర్రాలంటే మనం కూడా గుర్రాలే అనాలా?" అని పడగ్గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. నిజం చెప్పాలంటే నాకూ లోపల కొంచెం ఆశ పుట్టింది. గినీ పందుల మధ్యలో యుద్ధనౌకలంటే టీచరమ్మ అదిరిపోతుంది కదా అనిపించింది. మనవాళ్ళకి పుట్టే బుద్ధే అది. పాపని మాత్రం ఎవరమూ అడగలేదు.

అలెగ్జాండ్రియా అంటే మామయ్యగారికి ఎందుకంత పట్టుదలో నాకు ఆ మూడు వారాల్లో బాగా తెలిసింది. కథ చిన్నదే. ఈజిప్టు అప్పులపాలైంది. బాకీల పేరు చెప్పి ఇంగ్లండూ ఫ్రాన్సూ దాని పెత్తనం చేతిలోకి తీసుకున్నాయి. ఆ దేశపు సైనికాధికారి ఒకాయన ఇదేమిటని తిరగబడ్డాడు. రెండు దేశాల నౌకలూ వచ్చి అలెగ్జాండ్రియా ముందు నిలబడ్డాయి. ఊళ్ళోవాళ్ళు భయపడి రేవు కోటల గోడలు బాగు చేసుకోవడం, ఫిరంగులు పెట్టుకోవడం మొదలెట్టారు. ఆ పని ఆపండి అన్నాడు ఇంగ్లీషు నౌకాధిపతి. ఆపకపోతే కాలుస్తాను అన్నాడు. ఫ్రెంచివాళ్ళు మాకెందుకని వెళ్ళిపోయారు. ఇంగ్లీషువాళ్ళు కాల్చారు. కోటలు కూలాయి, తర్వాత ఊరు తగలబడింది. ఎవరు అంటించారంటే ఇప్పటికీ తలా ఒక మాట. ఆ వెనకే సైన్యం దిగింది. ఆ సైన్యంలోకి మద్రాసు నుంచి మనవాళ్ళని కూడా ఓడలెక్కించి తీసుకెళ్ళారు.

"నా ఇంటి గోడ నేను బాగు చేసుకుంటుంటే, వీధిలో నిలబడ్డవాడు వచ్చి, నువ్వు గోడ కడితే నాకు భయం వేస్తోంది, నిన్ను కొడతానంటాడా?" అనేవారు మామయ్యగారు. పొద్దున ఇడ్లీ దగ్గర అనేవారు, మధ్యాహ్నం మజ్జిగ దగ్గర అనేవారు. ప్రతిసారీ అప్పుడే తెలిసినట్టు ఆయన గొంతు వణికేది. మొదటిసారి నాక్కూడా కోపం వచ్చింది, ఇంగ్లీషువాళ్ళ మీద. తర్వాత్తర్వాత ఆ కోపం దారి మళ్ళింది.

పని ఇలా జరిగింది. ఆయన పొద్దున తెలుగులో రాస్తారు. నేను నా భోజనం గంటలో దాన్ని జర్మన్లోకి మారుస్తాను. నా జర్మన్ కూరగాయలు కొనుక్కోవడానికీ, డాక్టరు దగ్గర అపాయింట్‌మెంటు అడగడానికీ సరిపోయే జర్మన్. దానితో ఇనుప తొడుగు వేసిన యుద్ధనౌకలనీ, నలభై ఎనిమిది గంటల ముందు హెచ్చరిక అనీ ఎలా చెప్పను? "నలభై ఎనిమిది కాదమ్మా, ఇరవై నాలుగు, సరిగ్గా చూడు," అని పక్క నుంచి దిద్దుబాటు. రాసింది పాపకిస్తే పెన్సిలు తీసుకుని, పళ్ళు బిగబట్టుకుని, నా లింగాలూ విభక్తులూ అన్నీ మార్చి ఇచ్చేది. ఆ రోజుల్లో మా ఇద్దరి మధ్యా జరిగిన సంభాషణ అంతే.

క్లాసుకి చూపించే రేవు బొమ్మ మాత్రం మామయ్యగారే స్వయంగా చేశారు. మన ఊళ్ళో బడికి ప్రాజెక్టు అంటే తెలిసిందే కదా, ఇల్లంతా చేస్తుంది, పిల్ల మోసుకెళుతుంది. నా నీలం జాకెట్టు గుడ్డ సముద్రమైంది. ఆయన షుగరు మాత్రల అట్టపెట్టెలు యుద్ధనౌకలయ్యాయి. టాయిలెట్ పేపర్ చుట్టల లోపలి అట్టగొట్టం నిలబెట్టి దీపస్తంభమన్నారు. పార్సెళ్ళలో వచ్చే తెల్లటి థర్మోకోల్ కోసి కోటలు కట్టారు. ఆ థర్మోకోల్ పొట్టు ఇప్పటికీ తివాచీలో దొరుకుతుంది. బల్ల కదిపితే నౌకలు పడిపోతాయని బల్ల ముట్టుకోనిచ్చేవారు కాదు. పాప బడి ఆ బల్ల చివర, సముద్రం ఒడ్డున, జానెడు చోటులో నడిచింది.

అసలు కొంప ముంచింది టీచరమ్మ పంపిన ఈమెయిల్. రెఫరాట్‌కి నియమాలు రాసింది. వాటిలో ఒకటి, కాగితం చూసి చదవకూడదు, స్వేచ్ఛగా మాట్లాడాలి అని. నేనూ మా ఆయనా మామయ్యగారూ ముగ్గురం కలిసి చదివాం, ముగ్గురికీ ఒకే అర్థం తట్టింది.

"చూడకుండా చెప్పాలట," అన్నారు మా ఆయన.

"అంటే కంఠతా రావాలి," అన్నారు మామయ్యగారు.

అంతే కదా మరి. చూడకుండా చెప్పడానికి వేరే మార్గం ఏముంది? చేతులు కట్టుకుని, కళ్ళు పైకప్పు మీద పెట్టి, ఊపిరి ఒకచోట తీసుకుని ఇంకోచోట వదులుతూ గడగడా అప్పజెప్పి పెరిగిన వాళ్ళం మేము. ఒక్క ముక్క తప్పితే మళ్ళీ మొదటి నుంచి. ముగ్గురికి డిగ్రీలున్నాయి, పీజీలున్నాయి, ఒక్కళ్ళకీ ఇంకో అర్థం తోచలేదు.

రోజూ సాయంత్రం ఆరింటికి అప్పజెప్పడం. పాప సముద్రం ముందు నిలబడుతుంది. మామయ్యగారు తెలుగు కాగితం ఒళ్ళో పెట్టుకుని వేలితో తాళం వేస్తూ వింటారు. ఆయనకి జర్మన్ రాదు, కానీ ఎక్కడ ముక్క జారిందో పట్టేస్తారు. పేర్లూ అంకెలూ ఏ వరసలో రావాలో ఆయనకి తెలుసు. "ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోవాలి కదా ఇక్కడ, వెళ్ళలేదేం?" అని ఆపేవారు. పాప మళ్ళీ మొదటి నుంచి మొదలెట్టేది.

ఒక సాయంత్రం అది మధ్యలో ఆగి, "తాతయ్యా, మరి వాళ్ళు ఎక్కడికి వెళ్ళారు?" అని అడిగింది.

"ఎవరు, ఫ్రెంచివాళ్ళా? పోర్ట్ సయీద్‌కి."

"కాదు. ఊళ్ళో వాళ్ళు."

"అది తర్వాత చూద్దాం తల్లీ. ముందు ఇది తిన్నగా అప్పజెప్పు. ఊఁ, కోటల దగ్గర్నించి."

నాకు ఒళ్ళు మండింది. పిల్ల నోరు తెరిచి ఒక ప్రశ్న అడిగితే చెప్పొచ్చు కదా. కానీ కుక్కరు కూసింది, లాప్‌టాప్‌లో నా పేరు పిలిచారు, పడగ్గదిలోంచి మా ఆయన "కెన్ యు హియర్ మీ" అని మూడుసార్లు అరిచారు. పాప కోటల దగ్గర్నించి మొదలెట్టింది.

ఆ రోజు రానే వచ్చింది. నేను సెలవు పెట్టాను. కుక్కరు జోలికి పోలేదు. ఫోన్లన్నీ ఆపించాను. మా ఆయన్ని పడగ్గదిలో పెట్టి, రెఫరాట్ అయ్యేదాకా గుసగుసగా మాట్లాడమని బతిమాలాను. ఆయన ప్రయత్నిస్తానన్నారు. మామయ్యగారు తలంటి పోసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, లాప్‌టాప్ వెనకాల, కెమెరాకి కనపడకుండా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. చేతిలో తెలుగు కాగితం. "నేనేం మాట్లాడనమ్మా, ఊరికే కూర్చుంటా," అన్నారు. నేను ఆయన పక్కన నిలబడ్డాను.

తెర మీద చిన్నచిన్న గళ్ళలో పిల్లల మొహాలు. పాపకి ముందు వచ్చినవాడెవడో కుందేలుని ఒళ్ళో కూర్చోబెట్టుకుని మాట్లాడాడు. మధ్యమధ్యలో ఏం చెప్పాలో మర్చిపోయాడు, కుందేలు చెవి గోకాడు, మళ్ళీ గుర్తొచ్చింది చెప్పాడు. వీడికి అసలు రాదు పాపం అనుకున్నాను. టీచరమ్మ మాత్రం చాలా బాగుందంది. అప్పుడు నాకు మొదటిసారి అనుమానం వచ్చింది.

తర్వాత పాప. మైకు ఆన్ చేసింది. చేతులు కట్టుకుంది. కళ్ళు పైకప్పు మీద పెట్టింది. మొదలెట్టింది. ఎంత బాగా వచ్చిందంటే, ఒక్క ముక్క తడుముకోలేదు, నౌకలు వచ్చేశాయి, గోడలు కడుతున్నారు, హెచ్చరిక ఇచ్చేశారు. మామయ్యగారి వేలు తాళం వేస్తోంది, ఆయన మొహం వెలిగిపోతోంది.

"ఆగు, ఆగు," అంది టీచరమ్మ. మెత్తగానే అంది. "ఇది నువ్వు బట్టీ పట్టావు. నాకు బట్టీ వద్దు. నీ మాటల్లో చెప్పు. నెమ్మదిగా."

పాప కళ్ళు కిందికి దిగాయి. గళ్ళల్లో పిల్లలు చూస్తున్నారు. మామయ్యగారికి టీచరమ్మ మాట అర్థం కాలేదు. ఆయనకి అర్థమైంది ఒకటే, పిల్ల ఆగిపోయింది. ముందుకు వంగి, ఆయన గుసగుస అనుకునే గొంతుతో, "ఫ్రెంచివాళ్ళు! ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయారు!" అన్నారు.

"ఎవరది మాట్లాడుతున్నది?" అంది టీచరమ్మ. ఎవరో కిసుక్కున నవ్వారు. నేను ఆయన భుజం పట్టుకున్నాను. అదే క్షణంలో పడగ్గదిలోంచి, నేను అంత బతిమాలిన మనిషి గొంతు, "కెన్ యు హియర్ మీ నౌ?" అంది. పాప చెయ్యి మైకు బొత్తాం మీదికి వెళ్ళడం చూశాను. అయిపోయింది అనుకున్నాను. కాగితమూ పోయింది, పిల్ల గొంతూ పోయింది. ఈ ఇంట్లో మనుషులందరినీ పట్టుకుని గోడకేసి కొట్టాలనిపించింది, నాతో సహా.

"మైకు ఆపకు," అంది టీచరమ్మ. "పరవాలేదు. ఒకటి చెప్పు చాలు. ఈ కథలో నీకు నచ్చిందేమిటి?"

"ఏమీ లేదు," అంది పాప.

"సరే. నచ్చనిదేమిటి?"

పాప జర్మన్లో, తలొంచుకుని, నౌకల వైపు చూస్తూ మొదలెట్టింది.

"వాళ్ళు వాళ్ళ గోడే బాగు చేసుకుంటున్నారు. అది నచ్చలేదు, ఆపమనడం. ఇంకా చప్పుడు నచ్చలేదు. అంత చప్పుడులో ఊళ్ళోవాళ్ళు ఏమన్నా ఎవరికీ వినపడదు. మా ఇంట్లో కూడా అంతే. మా ఇంట్లో అందరూ ఒకేసారి మాట్లాడతారు. నేను మైకు ఆన్ చేస్తే మీకు నా మాట వినపడదు, వాళ్ళే వినపడతారు. అప్పుడొకసారి నేను జవాబు చెబుతుంటే, మీ ఇల్లు రైల్వే స్టేషనా అని క్లాసులో పిల్లలు నవ్వారు కదా. అందుకని ఆన్ చేయడం మానేశాను. బళ్ళో కూడా నవ్వుతారేమోనని."

ఎవరూ నవ్వలేదు. ఎన్నిసార్లు అడిగానో, ఎందుకే మాట్లాడవు అని. అడిగిన ప్రతిసారీ ఒక చెవిలో మీటింగు పెట్టుకునే అడిగి ఉంటాను.

"ఏవంటోందమ్మా?" అన్నారు మామయ్యగారు.

మూడు వారాలు ఆయన మాటల్ని జర్మన్లోకి మార్చాను. ఆ ఒక్కసారి జర్మన్లోంచి తెలుగులోకి మార్చాను. మెత్తబరచడానికి ఓపిక లేదు, మనసూ లేదు. చెవి దగ్గర వంగి, అది ఏమందో ఒక్క ముక్క వదలకుండా చెప్పాను.

ఆయన ఒళ్ళోని కాగితం వైపు చూశారు. "నా వల్లా?" అన్నారు, ఈసారి నిజంగానే గుసగుసగా.

"మనందరి వల్లానండీ."

ఆయన లేచారు. కుర్చీ చప్పుడవకుండా రెండు చేతులతో పట్టుకుని వెనక్కి జరిపారు. నన్ను కూడా రమ్మని సైగ చేశారు. నేనెందుకు, నేను నోరెత్తలేదు కదా అన్నట్టు చూశాను. ఇంకోసారి సైగ చేశారు, కాలేజీలో వెనక బెంచీ వాళ్ళకి చేసినట్టు. వెళ్ళాను. తలుపు దగ్గరికి వేసి ఇద్దరం కారిడార్లో, బూట్ల అలమార పక్కన నిలబడ్డాం. మా ఆయన చెవులకి హెడ్‌సెట్‌తో పడగ్గదిలోంచి బయటికొచ్చి, "ఎలా చేస్తోంది?" అన్నారు, వీధి చివరికి వినపడేలా. మామాకోడళ్ళం ఇద్దరం, జీవితంలో ఒక్కసారి ఒకే మాట మీద నిలబడి, ఆయనకి వేళ్ళు చూపించి నోరు మూయించాం.

తర్వాత కొన్నాళ్ళకి వచ్చిన కాగితంలో గిమ్నాసియుం అనే ఉంది. ఫోన్లు వెళ్ళాయి, ఫోన్లు వచ్చాయి, గ్రూపులో చప్పట్ల బొమ్మలు వరస కట్టాయి. ఆ సంబరం నాకు సరిగ్గా గుర్తు లేదు. నాకు గుర్తున్నది ఆ కారిడారే. తలుపు అవతల పాప గొంతు ముందు సన్నగా, తర్వాత కొంచెం పైకి, తర్వాత మాటకి మాట తగిలేంత వేగంగా వినిపించింది. ఊళ్ళోవాళ్ళు ఊరు విడిచి ఎలా వెళ్ళారో చెబుతోంది. మూటలు కట్టుకున్నారట, మేకల్ని తోలుకెళ్ళారట. అది ఎక్కడ చదివిందో, సొంతంగా అల్లిందో నాకు తెలియదు. మధ్యలో తడబడింది, ఆగింది, "కాదు, ఉండండి," అని మళ్ళీ చెప్పింది.

మామయ్యగారికి వచ్చిన జర్మన్ అంతా కలిపి పది దాకా అంకెలూ, గూటెన్ టాగూ. అందుకని లోపలి నుంచి వచ్చిన ఒక్క ముక్క మాత్రం ఆయనకి తిన్నగా అందింది. నౌకలు డ్రై టాగే, మూడు రోజులు, కాల్చాయి అంది పాప.

ఆయన చెయ్యి తలుపు పిడి మీదికి వెళ్ళింది. తప్పు తేదీ చెప్పిన ఒక్కణ్ణి కూడా కూర్చోనివ్వని మనిషి.

"మూడు రోజులంటోందమ్మా," అన్నారు నాతో.

"అవునండీ."

"ఒక్క రోజే కదా."

"ఒక్క రోజేనండీ."

లోపల ఎవరో పిల్లవాడు ప్రశ్న అడిగాడు. పాప వెంటనే జవాబు చెప్పింది, ఆగకుండా ఇంకా చెబుతూనే ఉంది. మామయ్యగారు పిడి మీద నుంచి చెయ్యి తీసేశారు.

"సరేలే," అన్నారు. "మూడు రోజులే."